రెండు ట్యూబులు, బాపు ముఖం

మా ఊళ్లో ముఖానికి ఒకటే పని, కడిగించుకోవడం. గోదావరిఖని బొగ్గుదుమ్ములో పెరిగినవాళ్లు అద్దాన్ని అంతగా నమ్మరు, తువ్వాలను నమ్ముతారు. తుడుచుకున్న తువ్వాల నల్లబడకపోతే ముఖం బాగున్నట్టు లెక్క. అంతకుమించి అందచందాల గురించి మాకెవరికీ తీరికా లేదు, కోరికా లేదు. నాకూ లేదు. నలభై దగ్గర పడుతుండగా రెండు చెంపల మీదా మంగు మచ్చలు వచ్చి, కిరాయి కట్టకుండా కాపురం పెట్టాక మాత్రం ఆలోచించక తప్పలేదు.

అప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. ముందు బెంచీలో కూర్చునే ఒక పిల్ల పాఠం మధ్యలో లేచి, "టీచర్, మీ మొఖానికి బొగ్గంటింది" అని తన చేతిరుమాలు తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల మంచితనానికి దండం పెట్టాలి. కానీ ఎంత తుడిచినా పోని బొగ్గును ముఖం మీద పెట్టుకుని జీర్ణవ్యవస్థ గురించి చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. పిల్లలంతా నా చెంపలే చూస్తున్నారని నాకు అనుమానం. అనుమానమేమిటి, నిజంగానే చూశారు.

తెలంగాణ రావడానికి ముందు ఏడాది అది. మేం సొంత ఇల్లు కట్టుకుంటున్నాం కాబట్టి, అది పూర్తయ్యేదాకా నేనూ మా ఆయనా మా అమ్మవాళ్లకు బొగ్గు కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో సర్దుకున్నాం. రెండు గదులు, ఒక వంటిల్లు, లారీలా మోత పెట్టే ఒక కూలరు. అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. వాళ్లతోపాటు మా తమ్ముడు. అందరం అన్నం ముందు కూర్చుంటే మాటలు మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగేవి. తెలంగాణ వస్తుందా, తమ్ముడికి నౌకరీ వస్తుందా, నా మంగు పోతుందా. మూడింటికీ ఎవరి దగ్గరా జవాబు లేదు కానీ, అభిప్రాయం లేనివాళ్లు మాత్రం ఇంట్లో లేరు.

తమ్ముడి నౌకరీ సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. బాపు బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఇంకా కొంత సర్వీసు మిగిలే ఉంది. అప్పటి పద్ధతి ప్రకారం, ఇక బాయి పనికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేల్చిన కార్మికుడి కొడుక్కి ఆ నౌకరీ దక్కేది. మామూలుగా రిటైరైతే దక్కదు. అందుకే మా ఊళ్లో అన్‌ఫిట్ అనేది శుభవార్త. ఏ ఇంటి ముందైనా లడ్డూలు పంచుతుంటే, పెళ్లి కుదిరిందా, అన్‌ఫిట్ అయ్యాడా అని అడిగి మరీ నోట్లో వేసుకునేవాళ్లం. తమ్ముడు డిగ్రీ చదివి చౌరస్తా నుంచి రామగుండం దాకా షేర్ ఆటో నడుపుతున్నాడు. నౌకరీకి ఉన్న వయసు హద్దు వాడికి ఆ ఏడాదితో దాటిపోతుంది. అంటే బాపు ఆ లోపల అన్‌ఫిట్ కావాలి. కాకపోతే వాడికి బతుకంతా ఆటో హ్యాండిలే గతి.

అవ్వ పోరగా పోరగా బాపు బోర్డుకు దరఖాస్తు పెట్టాడు. పెట్టాడు గానీ, ఎవరో తన మీద నేరం మోపినట్టు ముఖం పెట్టుకుని తిరిగేవాడు. ఆయనకు దగ్గు ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, ఊపిరి పీల్చుకునేవాడు. దగ్గెందుకని అడిగితే మే నెల ఎండలో కూడా "సల్లగాలి తాకింది" అనేవాడు. డ్యూటీ దిగి స్నానం చేశాక మాత్రం ఇస్త్రీ చొక్కా వెయ్యాల్సిందే. ఆదివారం పూట మీసానికి రంగు పూసుకుని, అది ఆరేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఏమన్నా అడిగితే కళ్లతోనే జవాబిచ్చేవాడు.

ఇక నా మంగు సంగతి. మా వరసలో మూడో ఇంటి అక్క అప్పట్లో ఒక పుస్తకంలో బొమ్మలు చూపించి క్రీములు అమ్మేది. అంతకు ముందు ఏడాది స్టీలు గిన్నెలు అమ్మింది, ఆ ముందు ఏడాది ఇన్సూరెన్సు చేయించింది. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. నా చెంపల కబురు వినగానే పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇది రెటినోల్ చెల్లె. విటమిను ఎ. పెద్దపెద్దోళ్లందరు గిదే పూస్తరు. నీకు తెల్లారేసరికి మొఖం అద్దం లెక్క మెరుస్తది."

"ఏ తెల్లారేసరికి అక్కా?"

"ఓ మూడు నెలలు పూస్తే, గా తెల్లారేసరికి."

తెల్లటి ట్యూబు ఒకటి తీసుకున్నాను. దాన్ని ముట్టుకోకముందే మా ఆయన, ముందు డాక్టరుకు చూపించుకొమ్మని కరీంనగర్‌లో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరమ్మ నా చెంపలను భూతద్దంలో చూసి, రెటినాల్ అనే ఇంకో క్రీము రాసింది. రెటినోల్ తీసుకున్నానని చెబితే ముక్కు కొంచెం ఎగరేసి, "అదీ మంచిదే. మెల్లగా చేస్తుంది. ఇది త్వరగా చేస్తుంది, కానీ ఓర్చుకోవాలి" అంది. మూడో ఇంటి అక్క ఆ మాట విని, "డాక్టర్లు గట్లనే అంటరు చెల్లె, ఆళ్ల దుకాణం నడవాలె గద" అంది. ఎవరి దుకాణం వాళ్లది. మధ్యలో నలిగేది నా చర్మం.

సైన్సు టీచర్ని కాబట్టి పుస్తకాలు తిరగేశాను. రెండూ విటమిను ఎ పిల్లలే. చర్మం మీద పని చేసేది వాటి నుంచి తయారయ్యే ఒక ఆమ్లం. రెటినోల్ చర్మంలోకి వెళ్లి ముందు రెటినాల్‌గా మారాలి, అది మళ్లీ ఆమ్లంగా మారాలి. రెటినాల్‌కు ఒక్క మార్పు చాలు. మంచిర్యాలకు పోవడానికి చౌరస్తాలో ఆటో దిగి బస్సెక్కినట్టు రెటినోల్, ఇంటి ముందే బస్సెక్కినట్టు రెటినాల్. అంతవరకు నాకు బాగానే అర్థమైంది. అర్థం కానిదల్లా నా చెంపకు ఏది కావాలో. దానికి ఒక్కటే మార్గం కనిపించింది. కుడి చెంపకు రెటినోల్, ఎడమ చెంపకు రెటినాల్. పిల్లలకు ప్రయోగాలు చేయించే మనిషిని, నా మీద నేను చేసుకోలేనా?

అవ్వకు ఈ సంగతి చెప్పడం నా బుద్ధి తక్కువ. "ఒక్క మొఖానికి రెండు మందులా? ఇద్దరు సవతులను ఒక్కింట్ల పెట్టినట్టు గాదె! కొట్లాడుకుంటయి" అంది. వేలి కొస మీద శనగగింజంత తీసుకుంటుంటే చూసి, "గింతనేనా? గింతదానికేనా కరీంనగరం పోయొచ్చింది?" అని వెక్కిరించింది. మా ఎండలకు మందు పాడవుతుందని రెండు ట్యూబులనూ ఫ్రిజ్ తలుపులో, అల్లం వెల్లుల్లి సీసా పక్కన పెట్టాను. తెల్ల ట్యూబులోది తెల్లగా ఉండేది. డాక్టరమ్మ ఇచ్చిన దానిలోంచి ఆవునెయ్యి రంగులో పసుపు క్రీము వచ్చేది. ఇంట్లో దాని పేరు పసుపుది అయిపోయింది. అవ్వయితే అందులో పసుపే కలిపి అమ్ముతున్నారని ఈనాటికీ నమ్ముతుంది.

కొన్ని రోజులకు ఎడమ చెంప ఎర్రబడింది. ఇంకొన్ని రోజులకు పొట్టు లేచింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మంగు అలాగే ఉంది, దాని మీది తోలు మాత్రం పోతోంది. కుడి చెంప ఏమీ పట్టనట్టు పాత ముఖంతో కూర్చుంది. బడిలో ఆ రుమాలు పిల్ల ఈసారి నా కుడి వైపే చూస్తూ పాఠం విన్నది. అది రుమాలుకంటే ఎక్కువ బాధ పెట్టింది.

ఇదంతా బాపు కూలరు పక్కన మంచం మీద కూర్చుని గమనిస్తున్నాడని నేను గమనించలేదు. ఒక సాయంత్రం అడిగాడు.

"గది పూస్తే ఏమైతది బిడ్డా?"

"పాత తోలు పోయి కొత్త తోలొస్తది బాపు. మచ్చలు పోతయి, ముడుతలు తగ్గుతయి అంటున్నరు."

"వయసు తగ్గుతదా?"

"వయసు తగ్గది. కనబడుడు తగ్గుతది."

"మరి రాత్రే ఎందుకు పూస్తవు?"

"పూసినంక ఎండ తగలొద్దు. అందుకని."

ఊఁ అన్నాడు. ఎండ తగలొద్దు అన్న మాటను బాపు తన లోకంలోకి తీసుకుపోయి ఆలోచించుకున్నాడని తర్వాత తెలిసింది. ఆయన లెక్క చాలా చక్కగా ఉంది. బాయిలో ఎండ ఎక్కడిది? పొద్దున షిఫ్టులో దిగితే మధ్యాహ్నం దాకా చీమంత వెలుగు తగలదు. ఈ మందుకు బాయిని మించిన జాగా ప్రపంచంలో లేదు. ఇంట్లో వాళ్లకు తోచలేదు, అంతే.

అలా ఒకరోజు తెల్లవారగానే మొదటి షిఫ్టుకు పోయే ముందు ఫ్రిజ్ తెరిచి, పసుపుది తీసి, కొబ్బరినూనె పూసుకున్నట్టు రెండు చేతులతో ముఖానికీ మెడకూ పట్టించి, టోపీ పెట్టుకుని బాయి దిగాడు. శనగగింజంత అన్న మాట ఆయన చెవిన పడలేదు.

ఆ మధ్యాహ్నం బాపు ముఖానికి తువ్వాల చుట్టుకుని, కళ్లు మాత్రమే కనబడేలా గడపలో నిలబడ్డాడు. అవ్వ చేతిలో అన్నం గంటె కింద పడింది. బాయి పనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఇటువంటి రాకకు బతుకంతా భయపడుతూనే ఉంటారు. అవ్వ రెండు చేతులూ చాచి గోడ పట్టుకుంది. బాపే మెల్లగా తువ్వాల విప్పాడు.

క్రీము జిడ్డుకు బొగ్గుపొడి అంటుకుని, చెమటకు తడిసి, ఎండి, ముఖమంతా ఒక నల్లటి పెచ్చు కట్టింది. కళ్ల చుట్టూ రెండు తెల్ల గుంటలు. బాయి మీది స్నానాల గదిలో సబ్బు అరిగిందట గానీ అది కదలలేదట. తోటివాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి గోకి చూశారట. వాళ్ల పని చూసే సర్దారు, "కాక, గిది మందా, డాంబరా?" అని అడిగాడట.

అవ్వ ముందు ఏడ్చింది. తర్వాత నవ్వింది. ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. "కాటికి కాళ్లు జాపుకున్నంక గీయినకు సోకులు కావాల్నట! నా పాణం గుంజుకపోయింది గదయ్యా!" అంటూనే కొబ్బరినూనెలో పాత చీర ముక్క ముంచి ఆయన ముఖం తుడిచింది. నేను పక్కన కూర్చుని దూది అందించాను. బాపు బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. మెడ దగ్గర అవ్వ గట్టిగా రుద్దినప్పుడు మాత్రం "మెల్లగనే, మెల్లగ" అన్నాడు.

మర్నాటికి ముఖం ఎర్రగా కందిపోయి ఉబ్బింది. తర్వాత పొట్టు లేచింది. నా ఎడమ చెంపా, బాపు ముఖమూ ఒకేసారి రాలుతుంటే అవ్వ చీపురు పట్టుకుని మా వెనకే తిరిగింది. నేను తిట్టినంత తిట్టి, అది ఎలా వాడాలో సరిగ్గా చెప్పాను. నా ఉద్దేశం ఆయన దాన్ని మళ్లీ ముట్టకూడదని. ఆయనకు మాత్రం వాడకం నేర్పినట్టు వినబడింది. కందడం తగ్గాక ప్రతి సాయంత్రం స్నానం చేసి, ఫ్రిజ్ తెరిచి, శనగగింజంత తీసుకుని, అద్దం ముందు నిలబడేవాడు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి గోడ మీది అద్దం గజగజ వణికినా ఆయన వేలు వణికేది కాదు.

"బాపు, కావాలంటే తెల్లది పూసుకో. నీకు అది చాలు, మెత్తగుంటది" అన్నాను, పసుపుది అయిపోతుందన్న దిగులుతో.

"తెల్లది ఉత్తదే బిడ్డా. పూసినా తెల్వది, పూయకున్నా తెల్వది. పసుపుది సుర్రుమంటది. మండితెనే మందు."

రెటినోల్, రెటినాల్ మధ్య నేను పుస్తకాలు తిరగేసి తేల్చుకోలేనిది ఆయన ఇలా ఒక్క మాటతో తేల్చేశాడు. ఏది ఎంచుకున్నావని నన్ను ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. బాపు వదిలేసింది నాది. రెండు చెంపలకూ తెల్లదే పూసుకున్నాను. నెలల మీద మంగు కాస్త పలుచబడింది కూడా.

కానీ బాపు! వానకాలం వచ్చేసరికి ఆయన ముఖం చూసి తీరాల్సిందే. బుగ్గలు నున్నబడ్డాయి. కళ్ల పక్కన ముడుతలు సగం సర్దుకున్నాయి. నుదుటి మీద పాత దెబ్బలోకి బొగ్గు చొరబడి నీలంగా మిగిలిన గీత ఒక్కటే కదల్లేదు, అది ఏ మందుకూ లొంగేది కాదు. వీధిలో ఆడవాళ్లు, "కాక, మళ్ల పెండ్లి గిట్ల చేసుకుంటున్నవా ఏంది?" అంటే మీసం కింద నవ్వుకునేవాడు. మూడో ఇంటి అక్క ఇదంతా తన రెటినోల్ మహిమేనని పది ఇళ్లలో చెప్పి అమ్ముకుంది. సందట్లో సడేమియా.

సరిగ్గా అప్పుడే బోర్డు నుంచి పిలుపు వచ్చింది.

అవ్వ ఆయన్ను గడపలో, వెలుతురులో నిలబెట్టి ఎగాదిగా చూసింది. "గీ మొఖమేసుకుని పోతే ఆళ్లు అన్‌ఫిట్ ఇస్తరా? ఇంకో పదేండ్లు చెయ్యమంటరు! కొడుకు నోటికాడి బువ్వ గుంజుకుంటివి గదయ్యా!" అని నెత్తి కొట్టుకుంది. బోర్డుకు పోయొచ్చిన అనుభవం ఉన్న పెద్దమనుషులు సలహాలు మోసుకుని వచ్చారు. గడ్డం గీయొద్దు. మీసానికి రంగు పోవాలి. వదులు చొక్కా తొడగాలి. ఎవరిదైనా భుజం పట్టుకుని నడవాలి. అడగకముందే దగ్గాలి. డాక్టర్లు చూసేది ఎక్స్‌రేను, ఊపిరిని గానీ ముఖాన్ని కాదని నేను చెప్పాను. ఒక పెద్దాయన నన్ను జాలిగా చూసి, "మొఖం సూడనిది ఎవలు బిడ్డా? పిల్లనిచ్చేటోళ్లు సూస్తరు, నౌకరిచ్చేటోళ్లు సూస్తరు" అన్నాడు.

తమ్ముడు మాత్రం బాపును ఏమీ అనలేదు. వాకిట్లో ఆటో సీటు మీద కూర్చున్న వాడి దగ్గరికి నేనే పోయాను.

"నాకు కోపం లేదక్కా" అన్నాడు. "కని బాపును సూస్తుంటే, బోర్డు డాక్టరు నేనైనా ఫిట్టే రాస్త. గిది దాటితే నాకు ఇంకో దారి లేదు. గంతే." తల దించుకుని హ్యాండిల్ మీది దుమ్ము తుడిచాడు. ఆ పసుపు ట్యూబును ఇంట్లోకి తెచ్చిన రోజును తిట్టుకున్నాను.

వారం పాటు అవ్వ బాపు గడ్డం గీసే కత్తిని బియ్యం డబ్బాలో దాచింది. బోర్డుకు పోయే పొద్దున చూస్తే బాపు నున్నగా గీసుకుని, మీసానికి రంగు వేసుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. మంగలి దుకాణం తెరిపించి మరీ గీయించుకొచ్చాడు. అవ్వ నోరు తెరవబోతే, "నేను దొంగను గాను. ఎట్లున్ననో గట్లనే పోత" అన్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఆయనకు తోడుగా నేను పోయాను.

కంపెనీ పెద్ద దవాఖాన వరండాలో ఆ రోజు నాటకం పోటీలు జరుగుతున్నట్టుంది. మాసిన గడ్డాలు, చేతికర్రలు, ఎండాకాలం కాకపోయినా చలికాలమూ కాని రోజుల్లో మంకీ క్యాపులు. నిజంగా జబ్బు ఉన్నవాళ్లే అందరూ, కానీ ఉన్న జబ్బు ముఖంలో కనబడదేమోనన్న భయంతో ఇంకాస్త కలుపుకుని వచ్చారు. వాళ్ల మధ్య మా బాపు పెళ్లిచూపులకు వచ్చిన మనిషిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పేర్లు పిలిచే అతను మా దగ్గరికి వచ్చి, "పేషెంటేడి?" అన్నాడు. బాపు లేచి, "నేనే" అన్నాడు. ఆ "నేనే"లో ఎంత గర్వమో! నాకు నవ్వాగలేదు.

లోపల ఒక గొట్టం నోట్లో పెట్టి గట్టిగా ఊదమన్నారు. బాపు ఛాతీ విరిచి ఊదాడు. మళ్లీ ఊదమన్నారు. ఊదాడు. ఇంకోసారి అన్నప్పుడు సగంలోనే ఆగిపోయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కుర్చీ చేతులు పట్టుకున్నాడు. నున్నటి ముఖం నల్లబడి, పెదాలు నీలంగా మారాయి. నాకు నవ్వు ఎటు పోయిందో తెలియదు. వీపు రాయబోతే చెయ్యి విదిలించాడు. పెద్ద డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి ఆయాసం?"

"ఆయాసమా? నాకేం లేదు సార్."

"మెట్లెక్కగలవా?"

"ఉరుకుత సార్."

డాక్టరు నా వైపు చూశాడు. బాపు కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, వెలుతురున్న కిటికీ వైపు జరిగి నిలబడ్డాడు.

"సార్, నాకింకా చేతనైతది. ఒక్కపారి నా మొఖం సూడుండ్రి సార్. గిది అన్‌ఫిట్టోని మొఖమా?"

అంతదాకా నేను ఆయనకు సోకు అనుకున్నాను. ఇల్లంతా అలాగే అనుకుంది. ఆ సాయంత్రాలన్నీ అద్దం ముందు నిలబడి ఆయన పూసుకున్నది ఈ ఒక్క మాట అడగడానికని నాకు అప్పుడే అర్థమైంది. కొడుకు కోసం దరఖాస్తు పెట్టాడు, తన కోసం ముఖం తయారు చేసుకున్నాడు. పాపం, రెండూ గెలవాలనుకున్నాడు. నాకు అక్కడే ఏడుపు వచ్చింది.

డాక్టరు మంచివాడు. నవ్వలేదు. "ముఖం బాగుంది పెద్దాయనా. మీ వయసు మనిషికి ఇంత మంచి ముఖం నేను చూడలేదు. ఊపిరితిత్తులే బాగలేవు. ఇప్పటికే చాలా ఆలస్యం చేశారు" అన్నాడు. బాపు నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. బస్సులో దారంతా కిటికీలోంచే చూశాడు. టీ తాగుదామా అంటే వద్దన్నాడు.

కొన్ని వారాలకు కాగితం వచ్చింది. అన్‌ఫిట్. అవ్వ దేవుడి పటాల ముందు దీపం పెట్టి, కూలబడి ఏడ్చి, లేచి లడ్డూలకు పంపింది. వీధి వీధంతా వచ్చింది. మొన్నటిదాకా సలహాలు ఇచ్చినవాళ్లే, "ముబారక్ కాక, సాధించినవ్!" అని బాపు చెయ్యి ఊపారు. మూడో ఇంటి అక్క పుస్తకం కూడా వెంట తెచ్చుకుంది. తమ్ముడు కొత్త చొక్కా తొడుక్కుని, ఇంటింటికీ డబ్బా పట్టుకుని తిరుగుతున్నాడు. వాడు అంత వెలిగిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. నాకూ సంతోషంగానే ఉంది.

వచ్చినవాళ్లకు బాపు ఒకటే చెబుతున్నాడు. "పెద్ద డాక్టరే అన్నడు. ఇంత మంచి మొఖం సూడలేదన్నడు." అందరూ తలలూపి లడ్డూ తిన్నారు. ఆయన చేతిలోది మాత్రం చేతిలోనే ఉండిపోయింది. జనం కాస్త పలుచబడ్డాక నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"మొఖం మీద మంచిగనే పనిచేసింది బిడ్డా. నీ సైన్సుల లోపటికి పూసుకునేదేమన్న ఉన్నదా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. చివరికి "లేదు బాపు" అన్నాను.

తల ఊపాడు. వాకిట్లో తమ్ముడు ఎవరితోనో పెద్దగా నవ్వుతున్నాడు. బాపు అటే చూస్తూ అన్నాడు.

"గట్లయితే వానికి చెప్పు. బాయి దిగినకాడి నుంచి ఎక్కేదాంక మూతికి గుడ్డ ఇప్పొద్దని. నేను చెప్తే నవ్వుతడు. నువ్వు చదివినదానివి, నువ్వు చెప్పు."

నేను లేచి వాకిట్లోకి పోయి, తమ్ముడి చెయ్యి పట్టుకుని చెప్పాను. వాడు నోటి నిండా లడ్డూతో సరే సరే అని తల ఊపి, డబ్బా తీసుకుని పక్కింట్లోకి పోయాడు.